ఫొటో పాడుచేసిన ముసలాడు

ఫరీదాబాద్,
జనవరి 6.

ఇంద్రజకి ఉద్యోగం వచ్చింది బావా!

నమస్కారాలూ క్షేమసమాచారాలూ తర్వాత. ముందు ఈ ముక్క నీ కంట పడాలి. చెవిన పడాలి అని రాయబోయి ఆగాను, నీ చెవుల్ని పడవ ఇంజను ఎప్పుడో తినేసింది కదా. పోయినసారి నీకు వినబడాలని ఫోన్లో నేను పెట్టిన కేకలకి కింది ఫ్లాటు పంజాబీ ఆంటీ "అంకుల్‌జీ, సబ్ ఠీక్ హై?" అంటూ చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చింది. వాట్సాప్ పెడదామంటే మీ ఇంట్లో దాన్ని నీకంటే ముందు వీధి వీధంతా చదువుతుంది. అందుకని మన పాత ఉత్తరాలే మనకి.

ఉద్యోగం నోయిడాలో. నీలాంబరి పవర్ అని కరెంటు తయారుచేసే కంపెనీ. మేడంతా అద్దాలే. లోపల ఎక్కడ చూసినా కుండీల్లో మొక్కలు. ప్లాస్టిక్ పాపమని కాగితం గొట్టాలతో జ్యూసు తాగుతారట. మన పిల్ల పదవి పేరు పలకడానికి నాకు నోరు తిరగలేదు, సముద్రం సంగతులు చూసే సలహాదారు అనుకో. ఆఫీసు క్యాబు మా గేటు దాకా వస్తుంది. మొన్నటిదాకా మమ్మల్ని చూసి కుర్చీలోంచి లేవని గార్డు భయ్యా ఇప్పుడు లేచి క్యాబు తలుపు తీస్తున్నాడు. తొమ్మిదో తరగతి తప్పి, ఈ ఊరొచ్చి, ఫౌండ్రీలో ఇనుము కరిగించి బతికినవాడి కూతురు బావా! నేను గాల్లో ఉన్నాను. మీ చెల్లెమ్మ కిందకి దిగి కూరగాయలు తెమ్మంటోంది.

నువ్వేమన్నావో మర్చిపోలేదు. "సముద్రం వేడి కొలవడానికి డాక్టరేటు ఎందుకురా, కాలు పెడితే తెలీదా?" అని అక్క ముందు, ఊరి ముందు ఇకిలించావు. ఇక నువ్వు కాలు పెట్టుకుని కూర్చో. నా కూతురు కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.

అది చెప్పిన ఒక మాట మాత్రం నాకు బాగా ఎక్కింది. భూమ్మీద ఎక్కువైన వేడిలో నూటికి తొంభై పాళ్ళు సముద్రమే మోస్తోందట. బరువులు మోసిన మనిషిని కదా, విని నా భుజం తడుముకున్నాను. కూలి అడగకుండా అంత మోసేది లోకంలో అదొక్కటేనేమో.

మరి తప్పెవరిది అని మా పై గదిలో అద్దెకుండే రవికిరణ్‌ని అడిగాను. కలెక్టరు పరీక్షకి మూడోసారి కూర్చుంటున్నాడు. "అంకుల్, పదిహేను మార్కులకి వస్తే పెట్టుబడిదారీ వ్యవస్థది తప్పని సగం పేజీ, కాదని సగం పేజీ రాయాలి. చివర్లో 'ముందున్న మార్గం' అని నాలుగు వాక్యాలు" అన్నాడు. అది సరే బాబూ, నిజమేమిటి అంటే "అది సిలబస్‌లో లేదు" అన్నాడు. వీడు కలెక్టరై మీ జిల్లాకే రావాలని నా దీవెన.

అక్కకి చెప్పు. అత్తవారింట్లో ఉన్న మీ కిరణ్మయికి చెప్పు. ఆడపిల్లకి అంత చదువెందుకన్న సీతారామయ్య బాబాయికి రెండుసార్లు చెప్పు.

నీ బావమరిది,
పద్మనాభం


గవ్వలపాలెం,
జనవరి 19.

ఒరే పద్మనాభం,

నీ ఉత్తరం మీ అక్క పైకి చదివింది. నీలాంబరి అన్న పేరు రాగానే చదవడం ఆపేసి నా మొహం చూసింది. మిగతాది నేనే చదువుకున్నాను.

నువ్వు ఊరొదిలిపెట్టి ఎంతకాలమైందిరా? ఆ కంపెనీ పొగగొట్టం మా పెరట్లో నిలబడితే కనిపిస్తుంది. మీ అక్క ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిదరంగు చీర అవుతుంది. సముద్రంలోంచి నీళ్ళు తోడుకుంటారు, వాళ్ళ యంత్రాలు చల్లబరుచుకుంటారు, కాగిన నీళ్ళు తెచ్చి మళ్ళీ మా ఒడ్డునే పోస్తారు. ఇంతకుముందు కవళ్ళ చేపలు గుంపులు గుంపులుగా ఒడ్డుకొచ్చేవి. ఇప్పుడు డీజిల్ పోసుకుని వాటిని వెతుక్కుంటూ పోతే డీజిల్ వాసనొక్కటే ఇంటికొస్తోంది. అందులో ఆ గొట్టం పాపమెంతో, నీ కూతురు చెప్పే లోకం వేడి పాపమెంతో విడదీసి చెప్పే చదువు నాకు లేదు. ఉన్నవాళ్ళకి క్యాబు పంపించారు కదా, వాళ్ళనే చెప్పమను.

కాగితం గొట్టాలతో జ్యూసు తాగుతారా? బాగుంది. మా ఒడ్డున పెట్టిన గొట్టం కాగితంది కాదని చెప్పు వాళ్ళకి. అందులోంచి మనిషి నడిచి వెళ్ళొచ్చు.

నీకేం, గార్డు తలుపు తీస్తే చాలు. ఎవడి తలుపు, ఎవడి బండి అని అడిగే అలవాటు నీకెప్పుడుందిలే. ఫౌండ్రీ యజమాని దీపావళికి మిఠాయి డబ్బా ఇస్తే దాని ఖాళీ డబ్బా ఏడాదంతా షోకేసులో పెట్టినవాడివి. మీ ఢిల్లీవాళ్ళ గదులు చల్లబడాలి, దానికి కరెంటు కావాలి, దానికి మా సముద్రం కాగాలి. ఇప్పుడు అది కాగడం లేదని రాసి పెట్టడానికి మా మేనకోడలే కావలసి వచ్చింది.

నేను మాత్రం ఇప్పటికీ తెల్లారకముందే పడవ వేసుకుని పోతున్నాను. నీలాగా ఎవడి గేటు దగ్గరా నిలబడలేదు.

సీతారామయ్యకి చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు.

వీరాంజనేయులు


ఫరీదాబాద్,
ఫిబ్రవరి 16.

కడుపుమంట బావకి,

నీ ఉత్తరం మీ చెల్లెమ్మకి చదివి వినిపించాను. "అన్నయ్యకి షుగరు పెరిగినట్టుంది" అంది. నాకూ అదే అనిపించింది. ఇంట్లో పిల్ల పైకొస్తే కళ్ళు నలుసుపడ్డట్టు ఎర్రబడేవాళ్ళు ఉంటారని విన్నాను కానీ వాళ్ళలో నా సొంత బావ ఉంటాడనుకోలేదు. ఇంద్రజ పుట్టినప్పుడు తొలి వేటలో పడ్డ వంజరాన్ని బుట్టలో పెట్టుకుని రైలెక్కి వచ్చినవాడివి నువ్వేనా అనిపించింది. కంపార్టుమెంటు అంతా ముక్కులు మూసుకుంటే నువ్వు మీసం తిప్పావట.

సరే, ఇది విను. కంపెనీవాళ్ళు మన పిల్లని విమానంలో మీ దగ్గరి ప్లాంటుకి పంపించారు. అక్కడ ఫొటో తీసి వాళ్ళ పుస్తకంలో అచ్చు వేశారు. నేను దాన్ని సరోజినీ నగర్ మార్కెట్ పక్క సందులో పెద్దది చేయించి ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాను. తెల్ల హెల్మెటు, నీలం కోటు, వెనకాల సముద్రం. మహారాణి బావా! ఒకటే లోపం. వెనకాల ఎవడో ముసలాడు, నారింజ కోటు వేసుకుని, పొడుగాటి పార ఒకటి పట్టుకుని, సరిగ్గా ఫొటో తీసే సమయానికి వీపు తిప్పుకుని నిలబడ్డాడు. దిష్టిబొమ్మకి ప్యాంటు తొడిగినట్టున్నాడు. ఏం బతుకో, పెద్దవాళ్ళొస్తే మొహం చూపించాలన్న మర్యాద కూడా తెలీదు. మీ ఊరివాడే అయ్యుంటాడు, ఆ పొగరు చూస్తే తెలుస్తోంది. వాణ్ణి కత్తిరించేసి ఫ్రేము కట్టమని కుర్రాడికి చెబుతుంటే ఇంద్రజ ఒక్కసారి అరిచింది బావా. "నాన్నా, ఆయన మీద చెయ్యి వెయ్యొద్దు!" అని. షాపులో అందరూ మావైపు చూశారు. ఆఫీసు ఫొటో కత్తిరించకూడదేమో, రూలేమో అనుకున్నాను.

మీ ఇంటికొచ్చిందా అంటే మామయ్యని చూశాను అంది. ఏం పెట్టారు అంటే లేచి చెయ్యి కడుక్కుంది. కనీసం చారన్నమైనా పెట్టలేదా బావా? నామీద కోపం పిల్లమీద చూపిస్తావా? వచ్చిన దగ్గర్నుంచీ ముద్ద సరిగ్గా దిగడం లేదు దానికి. మొదటి జీతంతో మాకు ఏసీ కొంది, అది పెడుతుంటే కూడా నవ్వలేదు.

అసలు సంగతి ఇంకా పెద్దది. వచ్చే నెల దాన్ని టీవీలో చూపిస్తారు! నోయిడాలో హిందీ ఛానెలు. 'సముద్రం కాగుతోంది, దోషి ఎవరు?' అని చర్చట. తప్పు పెట్టుబడిదారులదా కాదా అని ఒక ప్రొఫెసరు, కంపెనీ తరపున దీని పై అధికారి జయచంద్ర, పక్కన మన ఇంద్రజ. అది ఏం చెప్పాలో కాగితం కూడా ఆఫీసువాళ్ళే రాసిచ్చారు, ఎంత శ్రద్ధో చూడు.

మీ ఇంట్లో టీవీ ఉంటే చూడు. లేకపోతే ఈర్ష్య లేని ఇల్లు చూసుకుని అక్కడ కూర్చో.

పద్మనాభం


గవ్వలపాలెం,
ఫిబ్రవరి 27.

పద్మనాభం,

ఆ ముసలాడు నేనేరా.

నన్ను నువ్వెప్పుడూ ప్యాంటులో చూడలేదు కదా, పోల్చుకోలేకపోయావు. నీ తప్పు కాదు. మీ అక్క కూడా మొదటిరోజు గుమ్మంలో ఎవరండీ అంది.

పడవ ఒడ్డుకి లాగేసి ఏడాది దాటింది. బోర్లా వేసి ఉంది, కింద కుక్క పిల్లల్ని పెట్టింది. వేటకి పోతున్నానని రాసింది అబద్ధం. పొద్దున కంపెనీ బస్సు వస్తుంది, మా వీధిలో సగంమంది ఎక్కుతారు. మీ టీవీలో పెట్టుబడిదారీ అని ఏదో అరుస్తారు కదా, మా ఊళ్ళో దాన్ని బస్సు అంటారు. ఎక్కనివాడు ఊళ్ళో మిగలడు.

నా పని ఏమిటో విను, ఫౌండ్రీ మనిషివి, నీకు తెలుస్తుంది. సముద్రం నీళ్ళు లోపలికి లాగే కాలువకి పెద్ద ఇనప జల్లెడలు ఉంటాయి. నీళ్ళతోపాటు కొట్టుకొచ్చిన చేపలు వాటికి అతుక్కుపోతాయి. వాటిని పారతో గీకి తీసి గోతిలో వెయ్యాలి. ఇల్లు గడవడానికి నేను సముద్రమంతా తిరిగినా దొరకని కానాగంత చేపలు అక్కడ నా కాళ్ళ దగ్గరికే వస్తున్నాయిరా. వల లేదు, వేలంపాట లేదు, ఎవరూ కొనరు. గీకి పారెయ్యడమే.

నీ కూతురు సూటు బూటు మనుషులతో అక్కడికొచ్చింది. నన్ను చూసి ఆగింది. మోటార్ల హోరు, పైగా నా చెవులు. అరిస్తే నాకు వినబడదని తెలుసు దానికి. పెన్ను తీసి అరచేతిలో రాసి చూపించింది, "మామయ్యా, రోజూ ఇన్నా?" అని. నేను తలూపాను. చెయ్యి తిప్పి మళ్ళీ రాసింది, "నీళ్ళు బయటికి పడేచోటు చూపిస్తావా?" అని. వెనక సూపర్‌వైజరు నన్నే చూస్తున్నాడు. నేను అదెవరో తెలీనట్టు వీపు తిప్పుకున్నాను. అప్పుడే ఫొటో తీశారు.

మా ఇంటికి రాలేదు. నేను పిలవలేదు. మేనకోడలొస్తే ఊరి పొలిమేరలో చీరపెట్టి ఇంటికి తీసుకురావాలి. నేను దానికి నా వీపు చూపించాను.

ఇప్పుడొక మాట అడుగుతున్నాను, నవ్వుకో. టీవీలో ఏమీ అనొద్దని దానికి చెప్పు. వాళ్ళిచ్చిన కాగితం చదివి ఇంటికి రమ్మను. జల్లెడ మాట దాని నోట వస్తే, చెప్పింది ఎవరో తెలుసుకోవడం వాళ్ళకి పెద్ద పని కాదు. ఇక బస్సు మా వీధిలో ఆగదు. పోయిన ఉత్తరంలో నేను రాసిన పౌరుషమంతా చింపి పొయ్యిలో పెట్టు. ఈ ఉత్తరం మాత్రం దానికి చూపించకు.

వీరాంజనేయులు


ఫరీదాబాద్,
మార్చి 21.

ఇంద్రజకి ఉద్యోగం పోయింది బావా!

పోయింది! క్యాబు రాలేదు, గార్డు భయ్యా మళ్ళీ కుర్చీలోంచి లేవడం లేదు. నేను సొసైటీ అంతా జిలేబీ పంచాను. పంజాబీ ఆంటీ "కిస్ ఖుషీ మే, అంకుల్‌జీ?" అంటే "బేటీ కీ నౌకరీ గయీ" అన్నాను. పాపం ఆవిడ జిలేబీ తినాలో నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలో తెలియక నిలబడిపోయింది. మీ చెల్లెమ్మ నాతో మాట్లాడటం లేదు. కూతురి ఉద్యోగం పోయిందని స్వీట్లు పంచిన మొగుడు తనకే దొరికాడని గోడతో చెప్పుకుంటోంది.

ముందు తప్పు చెప్పేస్తాను. చూపించొద్దన్న నీ ఉత్తరం దానికి చూపించాను. చదివి చాలాసేపు ఆ ఫొటో ముందు నిలబడింది. "మామయ్య పేరు రాదు నాన్నా. జల్లెడ పేరు రాదు. అక్కడ పనిచేసేవాళ్ళ మాట ఒక్కటి కూడా రాదు" అంది. అంతే. మరి ఏం చెబుతావని నేనూ అడగలేదు.

ఇక ఆ చర్చ సంగతి. నాటకాలవాళ్ళు నయం బావా, వాళ్ళు రంగు పూసుకున్నామని ఒప్పుకుంటారు. బయట మార్చి ఎండ మండిపోతుంటే స్టూడియో ఎంత చల్లగా ఉందంటే ప్రొఫెసరు శాలువా కప్పుకుని కూర్చున్నాడు. సముద్రం వేడెక్కిందని ఏడవడానికి వణుకుతూ వచ్చిన మనిషిని నేను మొదటిసారి చూశాను. "పూంజీవాద్, పూంజీవాద్" అని పెట్టుబడిదారీని తిడుతూ బల్ల గుద్దుతాడు. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం ఉందని నేననను, కానీ ఆ బల్ల తప్ప ఆయన ఇంకేదీ గుద్దినట్టు లేడు. యాంకరు ఇద్దరి మీదా అరుస్తాడు. జయచంద్ర మాత్రం పెళ్ళికొడుకులా నవ్వుతూ, ఎర్రజెండా దేశాల్లో పొగ రాలేదా, సముద్రం పార్టీ చూసి వేడెక్కుతుందా అన్నాడు. అది నిజమే కదా అని నేనూ అనుకుంటున్నాను. అంతలో ఏమన్నాడో తెలుసా? చేపలవాళ్ళ పడవలు కక్కే డీజిల్ పొగ మాత్రం తక్కువా అన్నాడు! కుక్కలు కాపురముంటున్న నీ పడవ మీద పడ్డాడు బావా ఆ దౌర్భాగ్యుడు. ఊళ్ళకి ఊళ్ళు వెలిగించే పొగగొట్టం ఒళ్ళో పెట్టుకుని, నీ చుట్టపొగ చూపించే రకం. నేను టీవీ మీదకి చెప్పు ఎత్తాను. రవికిరణ్ పట్టుకున్నాడు.

అప్పుడు యాంకరు మన పిల్లవైపు తిరిగాడు. అది వాళ్ళిచ్చిన కాగితం తీసి చూసి, మడిచి బల్లమీద పెట్టింది.

"మా ప్లాంటు నుంచి సముద్రంలోకి పోయే నీళ్ళు సముద్రమంత చల్లగానే ఉన్నాయని ఈ కాగితంలో ఉంది. ఈ కొలత తీసినరోజు ప్లాంటు రిపేరుకి ఆపేసి ఉంది. నేను దీన్ని చదవను" అంది.

ఎవరూ అరవలేదు బావా. తేరుకుని యాంకరు "అయితే పూంజీవాదే దోషి అంటారా? హా యా నా?" అని, అవునో కాదో తేల్చమంటూ మీదకొచ్చాడు.

"నాకు వాదాల కంటే వేడి ఎక్కువ తెలుసు. వేడి వదిలించుకోవడానికి ఎంతో కొంత ఖర్చవుతుంది. ఆ ఖర్చు తమది కాదనుకున్నవాళ్ళు దాన్ని సముద్రంలో పోస్తారు. అలా పోసినవాళ్ళకే లాభాలూ బహుమతులూ వచ్చే పద్ధతిని మీరు ఏ పేరుతోనైనా పిలవండి" అంది.

జయచంద్ర నవ్వు మొహం మీదే ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయినట్టు. వెంటనే ప్రకటన వేశారు. ఏం ప్రకటనో తెలుసా? ఏసీది.

అది ఇంటికొచ్చేసరికి ఉద్యోగం తీసేసినట్టు ఫోన్లో వచ్చేసింది. మెట్రోలో నిలబడి వచ్చింది, చెప్పులు విప్పకుండానే రెండు గిన్నెల అన్నం తింది. నెల తర్వాత దాని గొంతులో ముద్ద దిగడం చూశాను. జిలేబీలు అందుకే పంచాను, నీకర్థం కావాలి.

నామీద నవ్వడానికి నీకో అవకాశం ఇస్తున్నాను. ఆ ఏసీ మేం తిరిగిచ్చెయ్యలేదు. అబద్ధమెందుకు, మేలో ఫరీదాబాద్ వచ్చి చూడు, నువ్వూ దాని కిందే పడుకుంటావు. ఏసీ కింద కూర్చున్నవాడికి తిట్టే హక్కు లేదని జయచంద్ర రకం అంటారు. అన్ని నోళ్ళూ అలాగే మూయించారు. నేను మూయను.

ఇప్పుడు విను. దాన్ని చదివించిన మేడం విశాఖ వైపు ఒడ్డు పొడుగునా నీళ్ళ వేడి కొలిచే పని ఒకటి ఇప్పించారు. కొన్ని నెలల పనే, జీతం చెబితే మీ చెల్లెమ్మ గోడతో కూడా మాట్లాడటం మానేస్తుంది. దానికి పడవ కావాలి. దాన్ని నడిపే, తీరం తెలిసిన సరంగు కావాలి. చెవులు అవసరం లేదట, అరచేయి ఉందిగా అంది. నువ్వు బస్సెక్కడం మానొద్దు. సెలవురోజున ఆ కుక్కపిల్లలకి వేరే చోటు చూసి పడవ తిరగెయ్యి. ప్యాంటు మాత్రం వేసుకోకు. ఈసారి దాన్ని పొలిమేరలో ఆపి చీరపెట్టి ఇంటికి తీసుకెళ్ళు. చీర అక్కని కొనమను, నీకు రంగులు తెలీవు.

ఫొటో హాల్లోనే ఉంది. ఎవరొచ్చినా ఇంద్రజని తర్వాత చూపిస్తున్నాను. ముందు ఆ నారింజ కోటు మీద వేలు పెట్టి, మా బావ, దిష్టిబొమ్మలా లేడూ అంటున్నాను.

ఇక చెప్పాల్సినవాళ్ళు. ముందు అక్కకి చెప్పు. కిరణ్మయికి చెప్పు, ఆ చర్చ ఫోన్లో దొరుకుతుంది, మొగుడితో కలిసి చూడమను. సీతారామయ్య బాబాయికి ఈసారి మూడుసార్లు చెప్పు, ఇందుకా చదివించావు అంటాడు, అవును ఇందుకే అన్నానని చెప్పు. తునిలో పిన్నికి, కళింగపట్నంలో పెదనాన్న కొడుకులకి, వచ్చిందని ఎంత గట్టిగా చెప్పావో పోయిందని అంత గట్టిగా చెప్పు. నువ్వు అసలు చెప్పనేలేదు కదూ, అయితే రెండూ కలిపి చెప్పు. చివరగా ఆ జల్లెడ దగ్గర నీ పక్కన పారలు పట్టుకుని నిలబడేవాళ్ళందరికీ చెప్పు. వాళ్ళు మనకేమవుతారంటావా? అక్కనడుగు. వరస కలుపుతుంది.

నీ బావమరిది,
పద్మనాభం